నేల వెచ్చబడేదాకా

నారిన్‌లో పాత ఉన్ని గిడ్డంగి.
ఉన్ని పోయి ఇరవై ఏళ్ళయినా
గొర్రెవాసన గోడల్ని వదిలిపెట్టలేదు.
అక్కడే మా చిత్రోత్సవం.
తెరంటే, ఆస్పత్రి నుంచి అరువు తెచ్చిన రెండు దుప్పట్లు,
మధ్యలో నేను వేసిన కుట్టు.
ఎవరి ముఖం పడినా
ముక్కు మీదుగా ఓ వంకర గీత.

ఈ ఏడు ఏడు సినిమాలు.
అన్నీ చదువుకునే పిల్లలు తీసినవే.
దేవుడి గురించో, మనుషుల గురించో
ఏది దేని గురించో తేలక
అట్టమీద రెండు మాటలూ రాసి ఊరుకున్నాను.
చూడ్డానికి పంతొమ్మిది మంది.
అందులో ఇద్దరు లారీ డ్రైవర్లు
సినిమాకి కాదు, పొయ్యి కోసం వచ్చారు.
వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడగడం
మా ఇంటా వంటా లేదు.

నాలుగోది జిపార్‌ది. పదకొండు నిమిషాలు.
మాటల్లేవు, సంగీతం లేదు.
డబ్బుల్లేక అంది ఒకసారి,
అక్కర్లేక అంది ఇంకోసారి.

తెరమీద జనవరి. కొండవాలు.
ముసలి బుర్కాన్ గొయ్యి తవ్వాలి.
గునపం వేస్తే ఖంగుమంది నేల,
ఇనుము ఇనుముని తిట్టినట్టు.
అందుకని ముందు మంట వేశాడు.
ఎండు పేడ, విరిగిన పెట్టె, ఓ పాత టైరు.
మంట పక్కన కూర్చున్నాడు.
కెమెరా కూడా కూర్చుంది.
నాలుగు నిమిషాలు ఒట్టి మంటే.
"ఇంకా ఎంతసేపే?" అన్నాడో పిల్లాడు.
"నేలనడుగు" అంది వాళ్ళమ్మ.

అప్పుడు కరెంటు పోయింది.

టార్చి కోసం నేను జేబులు తడుముకుంటుంటే
ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.
బుర్కానే. ఇంతసేపూ
తనని తాను పరాయివాడిలా చూస్తూ కూర్చున్నాడు.

"తర్వాతేమైందంటే" అన్నాడు,
సంతలో గొర్రె ధర చెప్పే గొంతుతో,
"ఆ గొయ్యి ఎవరికో ఈ పిల్ల అడగలేదు, నేను చెప్పలేదు.
కనుమ దగ్గర మంచులో దొరికాడు.
పేరు లేదు, ఊరు లేదు.
జేబులో ఓ దువ్వెన, సగం కొరికిన చాక్లెట్టు.
నమాజుకి ముందు అయినవాళ్ళు లేచి చెప్పాలి కదా,
ఇతను ఎవరికైనా బాకీ ఉంటే నన్నడగండి అని.
ముల్లా నాకేసి చూశాడు.
నేను వెనక్కి చూశాను.
వెనక ఎవరూ లేరు.
అందుకని నేనే చెప్పాను."

ఎవరూ కదల్లేదు.
పొయ్యిలో బొగ్గు ఒకటి చిట్లింది.

"దువ్వెన ఏ రంగు?"
పొయ్యి దగ్గరి గొంతు.

"ఆకుపచ్చ. రెండు పళ్ళు లేవు."

ఆ గొంతు ఇంకేం అడగలేదు.

కరెంటొచ్చింది. సినిమా మొదటికెళ్ళింది.
నేను ముందుకి జరపలేదు.
మళ్ళీ గునపం, మళ్ళీ ఖంగు, మళ్ళీ నాలుగు నిమిషాల మంట.
ఈసారి పిల్లాడు ఏమీ అనలేదు, నిద్రపోయాడు లెండి.
బూడిద పక్కకి ఊడ్చి
బుర్కాన్ నేలమీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.
చెయ్యి ఎత్తి జిపార్‌కి చూపించాడు, ఇక చాలు అన్నట్టు.
నా కుట్టు ఆ అరచేతి మీద పడి
ఇంకో రేఖలా నిలిచింది.

బహుమతి తేనెటీగల సినిమాకి వెళ్ళింది.
అదీ మంచిదే.

కానీ అంతకుముందు,
నాలుగోది అయిపోగానే,
ఆ డ్రైవరు పొయ్యిని వదిలి ముందు వరసకొచ్చి
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాడు.
బుర్కాన్ టోపీ సర్దుకుని లేచాడు.
"నడవక్కర్లేదు, కొంత దూరం బండి పోతుంది."

తలుపు తెరుచుకుంది, చలి లోపలికొచ్చింది.
కిటికీలోంచి చూశాను.
లారీ దీపాలు మెల్లగా తిరిగి
కొండవాలు మీద పడ్డాయి.

ఐదో సినిమా మొదలుపెట్టాలి.
కాసేపాగాను.